రాతి నాగుల జిగ్‌సా పజిల్: ఫొటో తీయడం నుంచి చివరి ముక్క దాకా

పూలతోట బొమ్మ ఉన్న వెయ్యి ముక్కల పజిల్ తేలికే. ఎర్రవి ఒక పళ్లెంలో, ఆకుపచ్చవి ఇంకో పళ్లెంలో, ఆకాశం వేరుగా పోసుకుంటే సగం పని అయిపోయినట్టే. అదే రాతి శిల్పం పజిల్ అయితే, పెట్టె బోర్లించగానే బల్ల మీద ఒకటే బూడిదరంగు కుప్ప. చాలామంది అంచు వరకూ కట్టి, రెండు రోజులు చూసి, మంచం కిందికి తోసేస్తారు. తప్పు వాళ్లది కాదు. రంగును బట్టి ముక్కలు ఏరే అలవాటు ఇక్కడ పనికిరాదు. రంగు చేయాల్సిన పని నీడతో చేయించాలి. ఫొటో ఏ గంటకు తీయాలి, ఏ కాగితం మీద అచ్చు వేయాలి, రంపం ఎటు తిప్పాలి, ముక్క ఎటు పెట్టి చూడాలి అన్నవన్నీ ఆ నీడను బట్టే తేలతాయి.

ఉదాహరణకు తీసుకున్నది మహాబలిపురం. అక్కడ గంగావతరణం అనీ, అర్జున తపస్సు అనీ రెండు పేర్లతో పిలిచే మహాశిల్పం నడుమ నిలువునా ఒక గండి ఉంది. ఆ గండిలోనే పడగలు విప్పిన నాగరాజు, నాగిని నీటిలో పైకి ఈదుతున్నట్టు కనిపిస్తారు. 7వ శతాబ్దపు పల్లవుల పని. గండి పైభాగాన నీటితొట్టి ఆనవాళ్లున్నాయి. అందులోంచి నీళ్లు వదిలితే నాగుల మీదుగా జారి కిందికి వచ్చేవని పండితుల మాట. నీటిలో ఉండే దేవతలను నిజంగానే నీటిదారిలో చెక్కిన చోటు ఇది.

శిల్పం ఎంచుకోవడం

అన్ని శిల్పాలూ పజిల్‌కు పనికిరావు. నున్నటి ఒళ్లు, వెనక ఖాళీ గోడ ఉన్న విగ్రహం చూడ్డానికి ఎంత బాగున్నా ముక్కలు చేస్తే శిక్షే. గీతలు ఎక్కువున్న శిల్పం కావాలి. నీటి దేవతల శిల్పాల్లో ఈ గీతలకు కొదవ లేదు. నాగుల చుట్టలకు అడ్డ మడతలుంటాయి, మకరానికి పొలుసులుంటాయి. గ్రీకు సముద్ర కన్యలైన నీరీడ్‌ల ఒంటికి తడిబట్ట అతుక్కుని సన్నటి ముడతలు పడి ఉంటుంది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న క్సాంథోస్ నీరీడ్ కట్టడం శిల్పాలు ఇందుకు మంచి నమూనా. ఆ ముడత ఎటు పోతుందో చూస్తే పక్క ముక్క ఎక్కడుందో తెలిసిపోతుంది.

మన దగ్గరివే కావాలంటే అమరావతి పలకలున్నాయి. బుద్ధుడి ధాతువులున్న రామగ్రామ స్తూపాన్ని నాగులు కాపలా కాసిన కథ వాటి మీద ఉంది. స్తూపాన్ని చుట్టేసుకున్న పాముల మెలికలు పజిల్ కోసమే చెక్కారా అనిపిస్తాయి. ఆ పలకలు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఎక్కువగా ఉన్నాయి. ఒక్కటే చిక్కు: అది బాగా తెల్లటి సున్నపురాయి, పైగా మ్యూజియం దీపాలు నాలుగు వైపులనుంచీ పడతాయి. నీడ పలచబడుతుంది. మొదటి పజిల్‌కు ఆరుబయట ఉన్న గ్రానైటు శిల్పమే మేలు.

మీరు తీసిన ఫొటో అయితే హక్కుల గొడవ లేదు. వేరేవాళ్లు తీసినది వాడాలంటే గుర్తుంచుకోండి: శిల్పం పాతదే కానీ ఫొటో కొత్తది, దాని హక్కు తీసినవాళ్లది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, క్లీవ్‌లాండ్ మ్యూజియం 2019 నుంచి హక్కులు లేని తమ వస్తువుల ఫొటోలను ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేశాయి.

వెలుగు చూసి ఫొటో

మహాబలిపురం శిల్పం ముఖం తూర్పుకి. అంటే మనం పడమర చూస్తూ నిలబడతాం, ఎడమచేతి వైపు దక్షిణం. పొద్దున్నే సూర్యుడు మన వీపు వెనకే ఉంటాడు కాబట్టి వెలుగు శిల్పం ముఖాన నేరుగా కొడుతుంది. అంతా బాగా కనిపిస్తుంది, కానీ నీడలుండవు. మధ్యాహ్నం దాటాక శిల్పం మొత్తం తన నీడలోకే వెళ్లిపోతుంది. ఈ రెంటి నడుమ వెలుగు రాతిని పక్కనుంచి గీరినట్టు పడే సమయం ఉంటుంది. మనకు కావాల్సింది అదే.

డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. పది, పదకొండు గంటల మధ్య వెలుగు ఎడమ పైనుంచి ఏటవాలుగా దిగుతుంది. ఏనుగుల గుంపు, ఎగిరే గంధర్వులు, ఏనుగు పక్కన దొంగతపస్సు చేసే పిల్లి, అన్నీ ఉబికి వస్తాయి. అయితే నాగులు గండి లోపల ఉన్నారు కదా. ఆ వేళకు గండి ఎడమ గోడ నీడ వాళ్ల మీద పడడం మొదలవుతుంది. నాగుల పజిల్‌కైతే అంతసేపు ఆగకూడదు. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర లోపు తీయండి. నీడలు కాస్త తక్కువైనా ముఖాలు నల్లబడవు. పావుగంటకొకటి చొప్పున నాలుగైదు ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చాక తేల్చుకోవడం ఇంకా మంచిది. మే, జూన్ నెలల్లో వెళితే సూర్యుడు ఉత్తరానికి జరిగి ఉంటాడు. వెలుగు పైనుంచి, కాస్త కుడివైపు నుంచి వస్తుంది. అదీ పనికొస్తుంది, దిక్కు మాత్రం రాసుకోండి. తర్వాత దాంతో పని ఉంది.

మబ్బు పట్టిన రోజు శిల్పాల ఫొటోలకు మంచిదని చెబుతుంటారు. పుస్తకానికైతే నిజమే. పజిల్‌కు మాత్రం మబ్బు శత్రువు.

ఫోన్‌తో తీస్తే డిజిటల్ జూమ్ వద్దు. రెండు మూడు రెట్ల జూమ్‌కు విడిగా లెన్స్ ఉంటే అదే వాడండి. హెచ్‌డీఆర్ ఆపేయండి, అది నీడల్ని లేపి అంతా ఒకే బూడిదగా చేస్తుంది. నాగులు తలెత్తి చూసే ఎత్తులో ఉన్నారు కాబట్టి దగ్గర్నుంచి కెమెరా ఎత్తి తీస్తే బొమ్మ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. వెనక్కి జరిగి, ఫోన్ నిటారుగా పట్టుకుని తీయండి. ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

కొలత, ముక్కల లెక్క

మొదటిసారికి 300 ముక్కలు చాలు. బొమ్మ 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు. ముక్క 2 సెంటీమీటర్ల గడి. అడ్డానికి 15, నిలువుకి 20. అంచు ముక్కలు 66, లోపలివి 234. ఈ కొలతే ఎందుకంటే డిజిటల్ ప్రింటింగ్ షాపుల్లో మామూలుగా దొరికే 12×18 అంగుళాల షీటులో 30×40 సరిగ్గా పడుతుంది, అతుకు అవసరం లేదు. 12 మెగాపిక్సెల్ ఫోన్ ఫొటో (4032×3024) ఈ కొలతకు అంగుళానికి 256 చుక్కలు ఇస్తుంది. సరిపోతుంది. 200 కంటే తగ్గితే ఉలి గాట్లు మసకబారతాయి, మనకు దారి చూపేవే అవి.

అచ్చుకు ముందు గడి పరీక్ష చేయండి. ఫొటో మీద 15×20 గళ్లు గీసి ఒక్కో గడినే చూస్తూ పోండి. గడిలో ఒక్కటంటే ఒక్క గీతైనా ఉండాలి. అది నీడ అంచు కావచ్చు, పగులు కావచ్చు, నగ కావచ్చు, వేలి సందు కావచ్చు. ఏమీ లేకపోతే ఆ గడికి సున్నా వేయండి. 300లో సున్నాలు 75 దాటితే, అంటే నాలుగోవంతు కంటే ఎక్కువైతే, ఆ ఫొటో వద్దు. ఇంకా దగ్గరగా కత్తిరించండి, లేదా ముక్క సైజు రెండున్నర సెంటీమీటర్లకు పెంచి 192 ముక్కలతో (12×16) సరిపెట్టుకోండి. నల్లటి గళ్లు పక్కపక్కనే పది ఉన్నాయంటే ఆ చోట పజిల్ ఆగిపోతుందని ఇప్పుడే తెలిసినట్టు. ఇదంతా పావుగంట పని. చేయకపోతే కోత అంతా వృథా.

ఫొటోను సరిదిద్దేటప్పుడు ఒక్కటే నియమం: నల్లటి చోట కూడా లోపల ఏదో ఒకటి కనబడాలి, తెల్లటి చోట రాతి గరుకు పోకూడదు. కాంట్రాస్టు కొద్దిగా పెంచండి, నీడల్ని మరీ తేల్చకండి. నలుపు తెలుపులోకి మార్చవద్దు. గ్రానైటులో కాస్త గులాబీ, కాస్త ఆకుపచ్చ బూజు, వానచారల నలుపు ఉంటాయి. ఆ చిన్న తేడాలు రాత్రి పదింటికి దీపం కింద చాలా అక్కరకొస్తాయి.

అచ్చు, అతికింపు

మెరుపు లేని మ్యాట్ కాగితం, 130 నుంచి 170 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాముల బరువు). నిగనిగలాడే ఫొటో పేపరు వద్దంటే వద్దు. దీపం మెరుపు పడి నీడలు మాయమవుతాయి, మందం వల్ల కోసినప్పుడు అంచులు లేస్తాయి. ఇంక్‌జెట్ అచ్చు మీద తడి తగిలితే సిరా పాకుతుంది, లేజరు అచ్చు నయం. రెండు కాపీలు వేయించండి. ఒకటి అతికించడానికి, ఇంకోటి చూసుకోవడానికి. చివర్లో ముక్క పోతే ఆ రెండోదే దిక్కు.

అడుగుకు 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన) పలక. ప్లైవుడ్ గట్టిదే కానీ చౌకరకంలో పొరల నడుమ ఖాళీలుంటాయి. సరిగ్గా నాలుక (ముక్కలోంచి బయటికి వచ్చే భాగం) దగ్గర ఖాళీ వస్తే ముక్క విరుగుతుంది. పలకను 32×42 కోయించండి, చుట్టూ సెంటీమీటరు అదనం ఉంటే చివర్లో అంచు శుభ్రంగా తీయొచ్చు.

జిగురు ఫెవికాల్ లాంటి తెల్లది చాలు. నీళ్లు కలపకండి. పలక మీదే రాయండి, కాగితం మీద కాదు. చిన్న రోలరుతో పలచగా, పలక రంగు లోపల్నుంచి కనిపించేంత పలచగా. కాగితాన్ని మధ్యలో ముందు ఆనించి, పొడిబట్టతో అంచులవైపు నొక్కుతూ పోండి. బుడగ మిగిలితే సూదితో పొడిచి నొక్కండి. పైన బటర్ పేపరు వేసి, దాని మీద ఇంకో పలక, ఆ పైన బియ్యం బస్తానో లావు పుస్తకాలో పెట్టి పూర్తిగా ఒక రోజు వదిలేయండి.

వెనకవైపు కూడా మామూలు తెల్లకాగితం ఒకటి ఇదే జిగురుతో అతికించాలి. అనవసరమనిపిస్తుంది కానీ, ఒకవైపే కాగితం ఉంటే జిగురు ఆరేటప్పుడు లాగి పలక విల్లులా వంగుతుంది. వంగిన పలకను కోస్తే ముక్కలు బల్ల మీద కుదురుగా కూర్చోవు.

మైదా జిగురు జోలికి పోవద్దు. గోడ పోస్టర్లకు బ్రహ్మాండంగా ఉంటుంది కానీ పిండి వాసనకు పురుగు పడుతుంది. ఏడాది తిరిగేసరికి నాగరాజు పడగ మీద చిల్లులు కనిపిస్తాయి.

కోత

పేరు జిగ్‌సా అయినా వడ్రంగులు చేత్తో పట్టుకుని తోసే కరెంటు జిగ్‌సా ఈ పనికి రాదు. దాని బ్లేడు మందం, గాటు మిల్లీమీటరుకు పైగా పోతుంది. కావాల్సింది స్క్రోల్ సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే బల్లరంపం), లేదా చేతితో ఆడించే ఫ్రెట్ సా. బ్లేడు 2/0 రకం. దాని మందం మిల్లీమీటరులో పావు వంతు దగ్గర, గాటు 0.3 వరకు. ఈ లెక్క చిన్నదనిపిస్తుంది కానీ నిలువున 19 గాట్లకు 5.7 మిల్లీమీటర్లు పొడిగా రాలిపోతుంది. బ్లేడు లావైతే పజిల్ వదులవుతుంది, ఒక మూల పట్టుకుంటే మొత్తం కదులుతుంది.

బ్లేడు పళ్లు కిందికి చూసేలా బిగించండి, బొమ్మ పైకి ఉండాలి. పళ్లు పైకి ఉంటే కాగితం పీచులా లేచిపోతుంది. మిషను బల్లకున్న పెద్ద రంధ్రం మీద పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి టేపుతో అంటించి, బ్లేడు పట్టేంత సన్నటి రంధ్రం చేయండి. చిన్న ముక్కలు కిందికి జారవు, అడుగున పీచు లేవదు.

ముందు మిగిలిన పలక చెక్క మీద 4×3, పన్నెండు ముక్కలు కోసి చూడండి. నాలుక తల ఆరేడు మిల్లీమీటర్లు, మెడ కనీసం నాలుగు ఉండాలి. మెడ అంతకంటే సన్నమైతే రెండోసారి కూర్చేటప్పుడే విరుగుతుంది. దానికి ఎదురుగా ఉండే ఖాళీని నోరు అందాం.

అసలు పలకను ముందు అడ్డపట్టీలుగా కోయండి, తర్వాత ఒక్కో పట్టీని ముక్కలు చేయండి. కోసిన ప్రతి ముక్కనూ పక్కన ఇంకో పలక మీద దాని చోటులో పెడుతూ పోవాలి. డబ్బాలో పడేస్తే ఏది కోశాం ఏది మిగిలింది తెలియదు. ముక్కకు నిమిషం చొప్పున వేసుకున్నా మిషను మీద ఐదు గంటలు. ఒకే కూర్చోవడంలో పూర్తి చేయాలనుకోకండి, చెయ్యి అలిసినకొద్దీ నాలుకలన్నీ ఒకేలా వస్తాయి. అలా వస్తే ఏ ముక్కైనా ఎక్కడైనా పడుతుంది. ఎండీఎఫ్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ఎన్95 మాస్కు తప్పనిసరి. వంటింట్లో, పిల్లలు పడుకునే గదిలో కోయకండి.

ఇక గీత ఎటు పోవాలి? చెక్క పజిల్ కోసేవాళ్లు కష్టం పెంచడానికి బొమ్మ గీత వెంటే రంపం నడుపుతారు. ఎరుపు, నీలం కలిసే చోట సరిగ్గా కోస్తే రెండు ముక్కలకూ సంబంధం ఉందని తెలియదు కదా. రాతి బొమ్మకు అది చేయకండి, ఉన్న కష్టం చాలు. నాగిని భుజం అంచును కోత అడ్డంగా దాటాలి. అప్పుడు ఒక ముక్క మీద సగం గీత, పక్క ముక్క మీద మిగతా సగం ఉంటాయి, కళ్లు కలుపుకుంటాయి. ఒక్క మినహాయింపు: నాగరాజు పడగల గుంపును మాత్రం గీత వెంట కోసి ఒకే పెద్ద ముక్కగా ఉంచండి. కూర్చేవాళ్లకు అది లంగరులా పనిచేస్తుంది.

రంపం వద్దనుకుంటే పెళ్లికార్డులు, షీల్డులు, యాక్రిలిక్ అక్షరాలు చేసే లేజరు కటింగ్ షాపుకు పలక తీసుకెళ్లండి. గళ్ల గీత ఎస్‌వీజీ లేదా డీఎక్స్‌ఎఫ్ ఫైలుగా ఇవ్వాలి. కోత మొదలెట్టకముందు వాళ్ల తెర మీద 30 సెంటీమీటర్ల అంచు నిజంగా 30 చూపిస్తోందా అని కొలిపించండి. ఫైలు మిల్లీమీటర్లలో ఉంటే మిషను అంగుళాలుగా చదవడం మామూలు పొరపాటు. బొమ్మ మీద కాగితపు మాస్కింగ్ టేపు వేయించకపోతే అంచుల వెంట పొగమచ్చ పడుతుంది. ఇంకొకటి, ఇది భద్రత విషయం: పీవీసీ లామినేషన్ చేసిన బొమ్మను లేజరు కింద పెట్టకూడదు. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది మనిషికీ హాని, మిషనుకూ తుప్పు.

కోశాక వెనకవైపు మాత్రమే 320 నంబరు ఉప్పుకాగితంతో ఒకసారి రుద్ది, మెత్తటి బ్రష్షుతో పొడి దులిపేయండి.

కూర్చడం

ఇక్కడినుంచి చెప్పేది కొన్న పజిల్‌కూ వర్తిస్తుంది. కొన్న వెయ్యి ముక్కలది మామూలుగా 70×50 సెంటీమీటర్లు ఉంటుంది. దానికి ఇంట్లో మూల పడున్న క్యారంబోర్డు భేషైన బల్ల. ఆడే మైదానం సుమారు 74 సెంటీమీటర్ల చదరం, చుట్టూ చెక్క గట్టు. ముక్కలు జారవు, మంచం కిందికి తోయొచ్చు, పైన దుప్పటి కప్పొచ్చు. పౌడరు మాత్రం ముందు తుడిచేయండి.

దీపం ముందు. బొమ్మలో వెలుగు ఎడమ పైనుంచి వస్తుంటే బల్లదీపాన్ని కూడా ఎడమ పక్కే పెట్టండి. ఎదురు పక్కనుంచి దీపం పడితే ముక్క అంచుల నీడలు, అచ్చులోని నీడలు ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉండి కళ్లు తికమకపడతాయి. పసుపు బల్బు కంటే తెల్లదీపం నయం, గ్రానైటులోని గులాబీ ఛాయ తెలుస్తుంది.

ఇప్పుడు అసలు కిటుకు. ముక్కలన్నీ బొమ్మ పైకి వచ్చేలా తిరగేశాక, అంచు వెతకడం మొదలుపెట్టకండి. ముందు ప్రతి ముక్కనూ సరైన దిక్కుకు తిప్పండి. రాతిలో ఉబ్బెత్తుగా ఉన్నదానికి వెలుగు వచ్చే వైపు తెల్లటి అంచు, అవతలివైపు నల్లటి నీడ ఉంటాయి. వెలుగు ఎడమ పైనుంచి అయితే ప్రతి ఉబ్బుకూ ఎడమ పైన తెలుపు, కుడి కింద నలుపు. చేతిలో ఒక ముక్క ఉంది, అందులో నాగుపాము చుట్ట మడత రెండు గీతలుగా కనిపిస్తోంది అనుకోండి. దాన్ని నెమ్మదిగా తిప్పండి. ఒక కోణంలో మడత బయటికి ఉబ్బినట్టు ఉంటుంది. అదే ముక్కను తలకిందులు చేయగానే ఉబ్బు కాస్తా గుంటగా మారిపోతుంది. ముక్క మారలేదు. వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందని మన మెదడు అనుకుంటుంది, అందుకే ఈ మాయ. చుట్ట ఉబ్బాలి, పొట్ట ఉబ్బాలి, పడగ మాత్రం మధ్యలో కొంచెం లోతుగా ఉండాలి. ఇది చూసి తిప్పితే ప్రతి మూడు ముక్కల్లో రెండింటి దిక్కు తేలిపోతుంది. దిక్కు తెలిసిన ముక్కను నాలుగు రకాలుగా తిప్పి చూడక్కర్లేదు, ఒక్కసారి ఆనిస్తే చాలు. ఆ ముక్కల మీద శ్రమ నాలుగో వంతుకు పడిపోయినట్టే.

ఆ తర్వాత ఏరడం. స్టీలు పళ్లేలు ఆరు తీసుకోండి:

అంచు ముక్కలు (300లో 66, లెక్కపెట్టుకోండి).
నున్నటి ఒళ్లు: భుజాలు, రొమ్ము, బుగ్గలు.
చుట్టలు, మడతలు.
ముఖాలు, వేళ్లు, కిరీటాలు, నగలు.
ఉలి గాట్ల గరుకు రాయి.
పూర్తి నలుపు.

ఏ పళ్లెంలో వేయాలో తెలియని ముక్కను గరుకు రాతి పళ్లెంలో వేసి ముందుకు పోండి. ఏడో పళ్లెం పెట్టారంటే అదే పెద్ద కుప్పవుతుంది.

ముఖాలు, నగలతో మొదలెట్టండి. అంచుతో కాదు. అంచు ముందు కట్టాలన్నది రంగుల పజిళ్ల అలవాటు. రాతి బొమ్మకు అంచంతా ఒకేరకం గరుకురాయి, తప్పు ముక్క కూడా సరిపోయినట్టే ఉంటుంది. అంచులో ఒక్కటి తప్పు పడితే లోపల మొత్తం జరిగిపోతుంది, ఎక్కడ తప్పామో తెలియడానికి రోజు పడుతుంది. నాగరాజు పడగలు, కింద జోడించిన చేతులు, నాగిని కిరీటం మూడు ద్వీపాలుగా కట్టుకోండి. తర్వాత చుట్టలు. చుట్ట మడతల నడుమ దూరం తోకవైపు పోయేకొద్దీ తగ్గుతుంది. ముక్క మీద మడతలు దగ్గరదగ్గరగా ఉంటే అది కిందిది. అంచు కట్టడం మూడోవంతు ముక్కలు పడ్డాక చాలు.

గరుకు రాయి దగ్గర కాస్త ఓపిక. ఉలి గాట్లు ఒక ప్రాంతంలో ఒకే వాలులో పోతాయి, పక్క ప్రాంతంలో వేరే వాలు. ముక్కలను వాలు ప్రకారం వరసలుగా పేర్చి దూరంగా నిలబడి చూడండి. దగ్గర్నుంచి కనిపించని తేడా రెండడుగుల దూరం నుంచి కనిపిస్తుంది. అప్పటికీ తేలకపోతే ఫోన్ కెమెరాతో ముక్కలను ఫొటో తీసి కాంట్రాస్టు బాగా పెంచి చూడండి. మోసమేం కాదు.

నల్ల ముక్కల పని

గండి నీడలో పడ్డ ముప్పై నలభై ముక్కలు చివరికి మిగులుతాయి. వీటికి బొమ్మ లేదు, ఆకారమే ఆధారం. గళ్ల కోతలో లోపలి ముక్కలు ఆరే రకాలు: నాలుగు నాలుకలు, మూడు నాలుకలు, ఎదురెదురు రెండు, పక్కపక్కన రెండు, ఒక్కటే, అసలు లేనిది. ఆరు వరసలు పేర్చుకోండి. పూరించాల్సిన ఖాళీ చుట్టూ ఏమున్నాయో చూడండి. పైన నోరు, కింద నోరు, రెండు పక్కలా నాలుకలు ఉన్నాయంటే అక్కడ పట్టేది ఎదురెదురు రెండు నాలుకల ముక్కే. ముప్పైలో అలాంటివి పన్నెండే ఉంటే, ఒక్కోదాన్ని తలకిందులుగా కూడా పెట్టి చూసినా ఇరవైనాలుగే ప్రయత్నాలు. వరసగా ఒకటి తర్వాత ఒకటి పెట్టి, పట్టనిదాన్ని అవతలకు జరుపుతూ పోండి. ఊరికే చేతికి దొరికింది పెట్టి చూస్తే అదే ముక్క ఐదుసార్లు చేతికొస్తుంది.

రెండు వైపులే మూసుకున్న ఖాళీని వదిలేయండి. మూడు వైపులు మూసుకున్నది ముందు పూరించండి.

ముక్క పట్టినట్టే ఉంది కానీ అనుమానంగా ఉందా? వేలితో ఆ ముక్క మీదుగా రాయండి. సరైన ముక్క తెలియనంత చదునుగా ఉంటుంది, తప్పుది ఒక మూల గోరుకు తగులుతుంది. లేదా దీపాన్ని ఎత్తి అతుకు మీద అడ్డంగా పట్టండి. సందు నాలుగు వైపులా ఒకే మందంలో కనబడాలి.

పాడయ్యేవి, పోయేవి

అట్ట పజిళ్లు వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో తేమ పీల్చి ఉబ్బుతాయి. నిన్న పట్టిన ముక్క ఇవాళ పట్టదు. గట్టిగా నొక్కితే పొర లేస్తుంది. నొక్కకండి. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో రెండు రోజులు ఉంచితే చాలావరకు మామూలవుతుంది. ఎండలో ఆరబెడితే వంగిపోతాయి. పొర లేచిన ముక్కకు అగ్గిపుల్ల మొనతో జిగురు పెట్టి, బట్టల క్లిప్పుతో పట్టి వదిలేయండి.

ముక్క పోతే పజిల్ మొత్తం పూర్తయ్యేదాకా ఆగండి, చాలాసార్లు సోఫా సందులో దొరుకుతుంది. నిజంగానే పోతే ఖాళీ మీద పలచటి కాగితం పరిచి, పెన్సిలు పక్కకు వాల్చి రుద్దండి. ఖాళీ అంచు అచ్చుగా పడుతుంది. ఆ ఆకారాన్ని రెండో కాపీలో అదే చోట గీసి, మిగిలిన ఎండీఎఫ్ మీద అతికించి, గీతకు కొంచెం బయటగా కోసి, ఉప్పుకాగితంతో రుద్దుతూ సరిపెట్టండి. కొన్న పజిల్‌కు రెండో కాపీ ఉండదు కాబట్టి పెట్టె మూత మీది బొమ్మను స్కాన్ చేసి పెంచుకోవాలి.

గోడకు తగిలించాలంటే బొమ్మవైపు జిగురు పూయకండి, మ్యాట్ పోయి మెరుపు వస్తుంది. పజిల్ మీద బటర్ పేపరు, పలక పెట్టి, అడుగున ఇంకో పలకతో శాండ్‌విచ్‌లా పట్టి ఇద్దరు కలిసి ఒక్క ఊపున తిరగేయండి. వెనకవైపు తెల్లజిగురు పూసి గట్టి కాగితం అతికించండి. ఫ్రేములో అద్దం బొమ్మకు తగలకుండా చుట్టూ మౌంటు అట్ట పెట్టించండి. గోడ మీద కూడా కిటికీ వెలుగు బొమ్మలోని వెలుగు వైపునుంచే వచ్చే చోటు దొరికితే నాగులు రాతిలోంచి లేచినట్టే ఉంటారు.

మళ్లీ విప్పి దాచుకునేవాళ్లు ముక్కలను పళ్లేల ప్రకారం కాకుండా అన్నీ కలిపేసి జిప్ కవరులో వేసి, పెట్టె మూత లోపలి వైపు మూడు సంగతులు రాయండి: ముక్కల లెక్క, ఫొటో తీసిన నెల, వెలుగు ఎటునుంచి వచ్చిందో చూపే ఒక బాణం గుర్తు.